నాలుగో సీసా

ఆ ఆసుపత్రిలో గేటు కాపలాదారు దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ స్కానింగమ్మ. పద్నాలుగేళ్ళుగా అదే కింది అంతస్తులో, అదే గాజు కిటికీ వెనక కూర్చుని, అవతల అయస్కాంతపు సొరంగంలో పడుకున్నవాళ్ళకి మైకులో ధైర్యం చెబుతూ వచ్చింది. "ఊపిరి బిగబట్టండి... వదలండి... అంతే, అయిపోవచ్చింది, కదలకండి" అనే ముక్కలు నిద్రలో కూడా కలవరిస్తుందని మొగుడు వేళాకోళం చేసేవాడు. వణుక్కుంటూ వచ్చినవాళ్ళ వణుకు సగమైనా తగ్గించి పంపే మనిషి. అలాంటిది, ఆ సోమవారం పొద్దున పది గంటల వేళ ఆవిడకే కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి.

ఆ రోజు మొదటి పేషెంటు రాలేదు. ముప్పావుగంట ఖాళీ చిక్కింది. గురువారం తనిఖీవాళ్ళు వస్తారు, ఈలోగా సీసాల పని ఒకటి ముగించేద్దామని పక్క గది అర మీంచి చెక్కపెట్టె దింపింది. మూత మీద దుమ్ము వేలికి అంటుకుంది. ఆ దుమ్ము చూస్తే చిన్నగా సిగ్గేసింది కానీ, అప్పటికింకా భయం లేదు.

పెట్టెలో అయిదు సీసాలు. ఒక్కోదాంట్లో ఇనుప లవణం కలిపిన నీళ్ళు. మొదటిదాంట్లో చిటికెడు, అక్కణ్ణుంచి పెంచుకుంటూ పోతే అయిదోదాంట్లో బాగా ఎక్కువ. ఏ సీసాకి మెషీను ఎంత చూపించాలో మూతల మీద రాసి ఉంటుంది. మెషీను నిజం చెబుతోందా లేదా అని మూడు నెలలకొకసారి ఈ సీసాలతో పరీక్ష చెయ్యాలి. మెషీనులో ఏ మార్పు జరిగినా ఆ రోజే చెయ్యాలి.

ఆ మెషీను చేసే పని చెప్పుకుంటే అంత కష్టమైందేం కాదు. మన ఒంట్లో ఎక్కువభాగం నీళ్ళే. ఆ నీళ్ళలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న బొంగరాల్లా గిరగిరా తిరుగుతుంటాయి. పెద్ద అయస్కాంతంలో పెడితే అవి ఒక వరసకి వస్తాయి. రేడియో తరంగంతో ఒక్క తోపు తోస్తే పక్కకి ఒరిగి, అన్నీ కలిసి ఒకే తాళంలో తిరుగుతూ చిన్న సంకేతం పంపుతాయి. తోపు ఆగగానే ఒకదానికొకటి తాళం తప్పి సంకేతం సన్నగిల్లి ఆగిపోతుంది. దీన్నే సడలింపు అంటారు. దానికి పట్టే కాలం మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. పక్కన ఇనుముంటే బొంగరాలు ఇంకా తొందరగా తాళం తప్పుతాయి. అందుకే చిన్నప్పట్నుంచీ నెలనెలా రక్తం ఎక్కించుకునేవాళ్ళ గుండెలో ఎంత ఇనుము పేరుకుందో కొయ్యకుండా, పొడవకుండా ఈ కాలాన్ని బట్టి చెప్పెయ్యొచ్చు. ఇరవై దాటితే ఫర్వాలేదు. ఇరవైలోపుంటే జాగ్రత్త. పదిలోపుంటే ఆ గుండె ఏ రోజైనా మొండికెయ్యొచ్చు.

స్కానింగమ్మ అయిదు సీసాలనీ మెషీను బల్ల మీద వరసగా పెట్టి, తలుపు వేసి, పరీక్ష నడిపించింది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి.

మొదటి సీసాకి నలభై రావాలి, నలభై వచ్చింది. రెండోదానికి పాతిక, సరిగ్గా పాతికే. మూడోదానికి పదిహేనుకి పదహారు. ఆ మాత్రం తేడా ఉంటుంది. నాలుగో సీసాకి ఎనిమిది రావాలి. తెర మీద ఇరవై ఒకటి అని ఉంది. అయిదుండాల్సిన అయిదో సీసాకి ముప్ఫై ఒకటి.

సీసాలు తారుమారుగా పెట్టానేమో అనుకుంది. లోపలికెళ్ళి మూతలు చూసింది. వరస సరిగ్గానే ఉంది. మళ్ళీ నడిపించింది. మళ్ళీ ఇరవై ఒకటి, ముప్ఫై ఒకటి.

అప్పుడు కుర్చీలో కూలబడి, సీసాల తాలూకు ముడి సంకేతం తెరిచి చూసింది. మెషీను తోపు ఆపాక ఎనిమిదిసార్లు సంకేతాన్ని కొలుస్తుంది. ఇనుము తక్కువున్న సీసాల్లో ఆ ఎనిమిది చుక్కలూ మెట్లు దిగినట్టు దిగాయి. నాలుగో సీసాలో మూడు మెట్లు దిగి, ఆ తర్వాత చదునుగా నేల మీద పడి ఉన్నాయి. అంటే సంకేతం మూడో చుక్కకే అయిపోయింది. మిగిలింది సంకేతం కాదు, మెషీను సొంత గుసగుస. పాత ప్రోగ్రాము ఆ గుసగుసని పక్కన పడేసి లెక్క కట్టేది. నాలుగు నెలల కింద ఇంజనీరు వచ్చి వేసిన కొత్త ప్రోగ్రాము దాన్ని కూడా సంకేతంలో కలిపేసుకుంటోంది. సంకేతం ఇంకా బతికే ఉందనుకుని, కాలం పెంచి చెబుతోంది.

గుండె బాగున్నవాళ్ళకి ఈ మెషీను నిజమే చెబుతోంది. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి మాత్రం, నీకేం ఫర్వాలేదు పొమ్మంటోంది.

ఆవిడ చెయ్యి దానంతటదే రికార్డు పుస్తకం మీదికి పోయింది. నాలుగు నెలల కిందటి పేజీ. 'ప్రోగ్రాము మార్చబడినది. సీసాలు సరిచూడబడినవి.' కింద తన సంతకం. వంకర లేకుండా, నిండుగా, ఒద్దికగా ఉన్న సంతకం.

ఆ రోజు ఆవిడ సీసాలు చూడలేదు. వరండాలో పదహారుమంది కూర్చుని ఉన్నారు, ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంజనీరు సంచి సర్దుకుంటూ "ఏం లేదు మేడం, తెర రంగులు మారాయి అంతే" అన్నాడు. సాయంత్రం చూద్దాంలే అని సంతకం పెట్టేసింది. సాయంత్రం ఇంకేదో పని పడింది. మర్నాడు మర్చిపోయింది.

అంతవరకూ ఉద్యోగం గురించి భయం. ఆ తర్వాత పేజీ తిప్పగానే ఇంకో భయం వచ్చి దీన్ని మింగేసింది. నాలుగు నెలల్లో పద్నాలుగు గుండె స్కాన్లు జరిగాయి. వాటిలో ఆరోది బుడ్డమ్మది.

బుడ్డమ్మ ఆవిడ ఆడపడుచు. ఇరవై ఏడేళ్ళ మనిషి, చూస్తే పదిహేనేళ్ళ పిల్లలా ఉంటుంది. పుట్టిన ఏడాదికే ఒంట్లో సరైన రక్తం తయారవదని తెలిసింది. అప్పట్నుంచీ మూడు వారాలకొకసారి వేరేవాళ్ళ రక్తం. ఆ రక్తంతో వచ్చే ఇనుముని బయటికి లాగడానికి రోజూ పడుకునే ముందు కడుపు మీద సూది గుచ్చుకుని, చిన్న పంపు నడుముకి కట్టుకుని నిద్రపోవాలి. ఎనిమిదేళ్ళప్పట్నుంచీ అంతే. పక్క తిరిగి పడుకోవడమంటే ఏమిటో దానికి తెలియదు. అయినా నోరు మాత్రం ఆరడుగులు. బోర్డులు రాసే పని నేర్చుకుంది. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు దాని చేతి రాతే.

రెండేళ్ళ కింద బుడ్డమ్మ గుండె లెక్క తొమ్మిది. కిందటేడు పదకొండు. మూడు నెలల కింద ఇదే తెర మీద ఇరవై రెండు వచ్చింది. స్కానింగమ్మ మైకు వదిలేసి, గది తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తి, ఇంకా బల్ల మీదున్న పిల్లని అమాంతం వాటేసుకుంది. ఇంత పెరుగుదలా అని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. సంతోషం అడ్డొచ్చింది. పెద్ద డాక్టరు కూడా "ఇంక పంపు మానేసి మాత్రలతో సరిపెడదాం" అన్నాడు. బుడ్డమ్మ ఆ పంపుని అటక మీదికి విసిరేసి, ఆ రాత్రి బోర్లా పడుకుని నిద్రపోయింది.

స్కానింగమ్మ ఆ పాత బొమ్మలు తెరిచింది. కొత్త ప్రోగ్రాముని నమ్మకుండా, కాగితం మీద తనే చుక్కలు పెట్టుకుంది. మొదటి మూడు చుక్కలే తీసుకుని గీత గీసింది. గీత నిటారుగా కిందికి పడింది. లెక్క ఆరు వచ్చింది. మళ్ళీ కట్టింది. ఆరే.

ఫోను తీసింది. అవతల మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. బుడ్డమ్మ పనిలో ఉంటే ఫోను సంచిలో పడేసి మర్చిపోతుంది, అది కొత్తేం కాదు. కానీ ఈ నెలలో దాని పని ఎక్కడో గుర్తొచ్చేసరికి స్కానింగమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. బజారు మధ్య గోదాము గోడ మీద చెప్పుల కంపెనీవాళ్ళ బొమ్మ వేస్తోంది. మూడంతస్తుల ఎత్తున ఒకే ఒక్క బూటు. "గుండె గట్టిదని కాగితం ఇచ్చావుగా వదినా, ఇంక నన్ను నేల మీద ఆపలేవు" అని పరంజా ఎక్కింది.

కిందటి వారమే ఫోనులో ఇంకో మాట కూడా అంది. "మెట్లెక్కుతుంటే గుండె గంతులేస్తోంది వదినా, ఆనందం కాబోలు." స్కానింగమ్మ కూడా నవ్వింది.

ఆ కుర్చీలోనే ఇంకో అయిదు నిమిషాలు కూర్చుంది. ఆ అయిదు నిమిషాల గురించి తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆ కాసేపట్లో ఆవిడ బుర్రలో ఒక దొంగ ఆలోచన తిరిగింది. ప్రోగ్రాము సరిచేయించి, పద్నాలుగుమందినీ ఏదో సాకుతో మళ్ళీ పిలిచి, కొత్త లెక్కలు ఇచ్చేస్తే? పుస్తకంలో సంతకం ఎవరు చూస్తారు? తర్వాత మిగతా పదమూడుమంది చుక్కలు చూడటం మొదలుపెట్టింది. పదకొండుమందివి సరిగ్గానే ఉన్నాయి. ఒక లా చదివే అమ్మాయిది తప్పు. ఒక బస్సు కండక్టరుది తప్పు. కండక్టరుకి మెషీను ఇరవై నాలుగు చూపించింది. కాగితం మీద అయిదు వచ్చింది. సాకులు వెతికే టైము ఈ ముగ్గురికీ లేదు. కాగితాలు, పుస్తకం చేత పట్టుకుని పెద్ద డాక్టరు గదికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

పెద్ద డాక్టరు అరవై దాటిన మనిషి. ఎవరైనా తలుపు కొట్టకుండా వస్తే కళ్ళద్దాల పైనుంచి చూస్తాడు. అలాగే చూశాడు.

"సార్, గుండె లెక్కలు తప్పు. నాలుగు నెలలుగా తప్పు. సీసాలు చూడకుండా చూశానని సంతకం పెట్టాను." ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆవిడకి తెలుసు.

ఆయన కాగితాలు లాక్కుని చుక్కల మీద వేలు పెట్టి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని ఆవిడకనిపించింది.

"ఎంతమంది?"

"ముగ్గురు. ఒకతె మా ఆడపడుచు. ఫోనెత్తట్లేదు. పరంజా మీద ఉంది సార్."

"మందు మానిపించింది నేను," అన్నాడాయన, ఎవరితోనో అన్నట్టు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పదకొండు నుంచి ఇరవై రెండెలా అయిందని నేనైనా అడగలేదు. సరే, అవన్నీ తర్వాత. ఈ ఇద్దరికీ ఫోన్లు చెయ్యండి, ఇప్పుడే. నా ముందే. మీ పిల్ల దగ్గరికి ఆంబులెన్సు నేను పంపిస్తాను, మీరూ వెళ్ళండి. ఒక్క మాట అమ్మా. ఆ పిల్లని కంగారు పెట్టకండి. ఆ గుండెకి కంగారు కూడా బరువే."

లా చదివే అమ్మాయి మొదటి మోతకే ఎత్తింది. విషయం విని, "ఇప్పుడే బయల్దేరతానండీ" అంది. కండక్టరు ఫోను వాళ్ళన్నయ్య ఎత్తాడు.

"వాడు ఆసుపత్రిలో ఉన్నాడమ్మా, నాలుగు రోజులయింది. పక్క ఊళ్ళో. ఊపిరాడట్లేదు. మీ రిపోర్టు చూపించాం కదా, గుండె బాగుంది, ఊపిరితిత్తుల్లో ఏదో ఉందంటున్నారు. ఏవేవో మందులిస్తున్నారు, తగ్గట్లేదు."

పెద్ద డాక్టరు ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "ఆ రిపోర్టు తప్పు. మీ తమ్ముణ్ణి చూస్తున్న డాక్టరు ఎవరైతే ఉన్నారో, వెంటనే ఆయన్ని లైన్లోకి పిలవండి. పరిగెత్తండి."

ఆవిడ మిగతా మాటలు వినలేదు. గబగబా బయటికొచ్చి, ఎదురొచ్చిన ఆటో ఎక్కింది.

బజారు సందడిగా ఉంది. ఎర్రదీపం దగ్గర ఆటో ఆగిన ప్రతిసారీ తన నాడి తనకే చెవుల్లో వినిపించింది. పద్నాలుగేళ్ళలో ఎంతమందికి చెప్పిందో, నెమ్మదిగా ఊపిరి పీల్చండి, వదలండి అని. తనకి ఒక్క ఊపిరీ నిండుగా రాలేదు.

గోదాము గోడ దూరం నుంచే కనబడింది. గోధుమరంగు బూటు, ఒక్కో కుట్టూ మనిషి చెయ్యంత. పరంజా పై అంచున, బూటు తాడు దగ్గర, చిన్న బొమ్మలా బుడ్డమ్మ. నడుముకి తాడు కట్టి ఉంది. ఒక చేత్తో కుంచె, ఒక చేత్తో ఇనప గొట్టం. కింద పరంజా మేస్త్రి నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు.

గట్టిగా అరవబోయి నాలిక కరుచుకుంది. డాక్టరు మాట గుర్తొచ్చింది. నుదుటి చెమట తుడుచుకుని, రోజూ మైకులో వాడే గొంతు తెచ్చుకుంది.

"బుడ్డమ్మా!"

పైనుంచి తల వంగింది. "వదినా! నువ్వేంటి ఇక్కడ? మెషీను పారిపోయిందా?"

"కిందికి రావే. నీతో చిన్న పనుంది."

"ఈ బూటు తాడు ముడి ఒకటి వేసి వస్తా. పది నిమిషాలు."

"ఇప్పుడే రా. నెమ్మదిగా రా."

"ఇప్పుడే అంటావు, నెమ్మదిగా అంటావు. ఏదో ఒకటి తేల్చుకో!" నవ్వుతూనే కుంచె డబ్బాలో పడేసింది. దిగడం మొదలుపెట్టింది.

స్కానింగమ్మ మేస్త్రి చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టి, మారుమాట లేకుండా నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. పైన బుడ్డమ్మ ఒక అంతస్తు దిగింది. తాడు కొక్కెం తీసి కింది గొట్టానికి తగిలించింది. ఇంకో నాలుగు మెట్లు దిగింది. అక్కడ ఆగింది. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, నుదురు దానికి ఆనించింది.

"వదినా... కాస్త ఆగు. మళ్ళీ గంతులేస్తోంది."

ఈసారి గొంతులో నవ్వు లేదు.

స్కానింగమ్మకి ఎత్తంటే భయం. ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చడానికి కూడా మొగుణ్ణి పిలుస్తుంది. ఆ నిచ్చెన ఎలా ఎక్కిందో తర్వాత గుర్తులేదు. మెట్లు చెమట చేతుల్లో జారాయి, చెప్పు ఒకటి కింద పడింది. మేస్త్రి అప్పటికే బుడ్డమ్మని చంక కింద చెయ్యేసి పలక మీద కూర్చోబెట్టాడు. పెదవులు పాలిపోయాయి, మెడ నరం ఎగిరెగిరి పడుతోంది. స్కానింగమ్మ మణికట్టు పట్టుకుంది. నాడి లెక్కకి అందలేదు. నాలుగు దెబ్బలు పరుగు, ఒక ఖాళీ, మళ్ళీ పరుగు. ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఆవిడకి తన గుండె ఆగినట్టే అనిపించింది.

"నా వైపు చూడవే. మాట్లాడకు. ఊపిరి తీసుకో... వదులు."

"నన్ను... మెషీనులో పెట్టావా ఏంటి," అంది బుడ్డమ్మ. కళ్ళు మూతపడబోయాయి.

"కళ్ళు తెరువు. తెరిచే ఉంచు!"

కింద ఆంబులెన్సు కూత వినిపించింది. మేస్త్రి ఇంకో ఇద్దరు పనివాళ్ళని కేకేశాడు. బుడ్డమ్మని తాళ్ళతో తన వీపుకి కట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు ఆ మనిషి. ముందు దిగిన స్కానింగమ్మ కింద నిలబడి, వేలాడే ఆ చిన్న పాదాలనే చూస్తూ ఉంది. మూడుసార్లు కాలు జారబోయింది ఆయనకి. మూడుసార్లూ ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుంది.

ఆంబులెన్సులో గుండె గీత చూసిన నర్సు డ్రైవరుకి "త్వరగా పో" అని మాత్రం చెప్పింది.

ఆ సాయంత్రానికి వార్డులో గీత కాస్త కుదుటపడింది. ఛాతీ నిండా తీగలు. చేతి నరంలోంచి ఇనుము లాగే మందు చుక్కచుక్కగా ఎక్కుతోంది. రాత్రీ పగలూ ఆపకూడదన్నారు. బుడ్డమ్మ కళ్ళు తెరిచి, పక్కన కూర్చున్న వదిన మొహం చూసింది.

"చెప్పు. ఏం జరిగింది?"

స్కానింగమ్మ చెప్పింది. సీసాలు, సంతకం, ఇరవై రెండు, ఆరు. ఏదీ దాచలేదు. బుడ్డమ్మ చేతికున్న మందు గొట్టం వైపు చూసింది.

"నేనొకటి చెప్పనా?" అంది. "కిందటేడాదంతా సగం రాత్రులు పంపు పెట్టుకోలేదు వదినా. అన్నయ్య చూస్తాడని ఖాళీ పంపు కట్టుకుని పడుకునేదాన్ని. ఇరవై రెండని నువ్వు గంతులేసినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. ఎలా వచ్చిందని అడిగితే మళ్ళీ తగిలిస్తారని నోరు మూసుకున్నా."

"నువ్వు అడిగినా అడక్కపోయినా నేను చూసుకోవాలి."

"అవును," అంది బుడ్డమ్మ. "చూసుకోవాలి." మొహం గోడ వైపు తిప్పుకుంది. ఏడుస్తోందో నిద్రపోయిందో తెలియలేదు. అడిగే ధైర్యం స్కానింగమ్మకి లేకపోయింది.

తలుపు దగ్గర మొగుడు నిలబడి ఉన్నాడు. పనిలోంచి అలాగే వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు. అంతా విన్నాడు. చెల్లెలి మంచం దగ్గరికి వెళ్ళి, పాదాల మీద దుప్పటి సర్ది, బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, ఒకటి ఆవిడ పక్కన పెట్టాడు. "చల్లారిపోతుంది, తాగు" అన్నాడు. అంతకుమించి ఆ విషయం వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

గుండె గీత పూర్తిగా సర్దుకోవడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ స్కానింగమ్మ మంచం పక్కన గుండె గీత చూపే పెట్టె కూత వింటూ కూర్చుంది. కూత మారితే లేచి నిలబడేది, సర్దుకుంటే కూర్చునేది. ఆరో రోజున నర్సే వచ్చి, "మీరు ఇంటికెళ్ళి పడుకోకపోతే పక్క మంచం మీకే వేస్తాను" అని కసిరింది.

కండక్టరు బతికాడు. ఆ రోజు పెద్ద డాక్టరు మాట్లాడిన గంటలోపే మందు మార్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదని అక్కడి డాక్టరు అన్నాడట. అయితే మళ్ళీ బస్సులో నిలబడి పని చేసే ఓపిక అతనికి రాలేదు. డిపోలో కుర్చీ పని ఇచ్చారు. వాళ్ళన్నయ్య ఒకరోజు ఆసుపత్రికి వచ్చి స్కానింగమ్మని వెతుక్కుంటూ గది దాకా వచ్చాడు. తిడతాడనుకుంది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "ఫోను చేసింది మీరే కదమ్మా" అన్నాడు. "తప్పు చేసింది కూడా నేనేనండీ" అంది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేదేమో.

విచారణ జరిగింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆరు నెలలు స్కానింగు గదిలోంచి తీసి పాత రికార్డుల గదిలో వేశారు. ప్రోగ్రాము చేసిన కంపెనీ మొదట అలాంటి లోపమే లేదంది. పెద్ద డాక్టరు సీసాల లెక్కలు, చుక్కల కాగితాలు పంపాక నోరు మెదపలేదు. తర్వాత అదే ప్రోగ్రాము వేసిన ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక వెళ్ళింది. ఎన్ని ఆసుపత్రులని స్కానింగమ్మ అడిగింది. నలభై మూడన్నారు. ఆ నలభై మూడుచోట్లా ఎవరెవరు పంపులు అటకెక్కించి పడుకున్నారో అన్న ఆలోచన రికార్డుల గదిలో ఆవిడని చాలా రోజులు వదల్లేదు. ఒకచోటి నుంచి మాత్రం జవాబొచ్చింది. మాకు ఇద్దరు దొరికారు, ఇద్దరూ క్షేమం అని. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. మిగతా చోట్ల సంగతి తెలియదు.

ఏడాది తర్వాత బుడ్డమ్మకి మళ్ళీ స్కాను పెట్టారు. అప్పటికి స్కానింగమ్మ తన గదికి తిరిగొచ్చింది. "వేరేవాళ్ళని చెయ్యమంటాను" అంది వదిన. "నువ్వే చెయ్యి," అంది ఆడపడుచు. "నీకున్నంత భయం వేరేవాళ్ళకి ఉండదు."

తొమ్మిది వచ్చింది.

"తొమ్మిదంటే మంచిదేనా?" బల్ల మీంచి దిగుతూ అడిగింది బుడ్డమ్మ.

"మంచిదేం కాదు. ఆరుకంటే నయం."

"అంతేగా," అంది బుడ్డమ్మ. బయటి గదిలో తీసిపెట్టిన పంపుని మళ్ళీ చొక్కా కింద నడుముకి కట్టుకుంది, ఇప్పుడది రాత్రీ పగలూ ఉండాల్సిందే. పరంజాలు మానేసింది ఇప్పుడు. దుకాణాల షట్టర్ల మీద రాస్తోంది, స్టూలు మీద కూర్చుని.

మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. మామూలుగా గబగబా నడిచే స్కానింగమ్మ పక్కమనిషి అడుగులకి సరిపడా తన అడుగులు తగ్గించింది. ఆ సంగతి బుడ్డమ్మ గమనించింది. బస్టాపు దాకా వెళ్ళేసరికి రెండుసార్లు ఆగారు.